చెవి ఏ రోజున పోయింది?

ఫిరంగి పేలినప్పుడు ఆ దెబ్బ చెవికంటే ముందు గుండెల మీద తగులుతుంది. నేను ఆర్మీలో ఫిరంగుల దగ్గర పనిచేసేవాణ్ణి. మహారాష్ట్రలోని దేవలాలీలోనూ రాజస్థాన్‌లోని పోఖ్రాన్‌లోనూ ఫైరింగ్ ఉన్న రోజుల్లో సాయంత్రానికి మా అందరి చెవులూ గుయ్యిమనేవి. పడుకుని లేచేసరికి తగ్గిపోయేది. కొన్నేళ్లకి తగ్గడం మానేసింది. ఎప్పటినుంచి అంటే చెప్పలేను. తర్వాత వైకల్య పెన్షన్ కోసం నడిచిన కేసంతా ఈ ‘ఎప్పటినుంచి’ చుట్టూనే తిరిగింది.

ఇయర్ ప్లగ్గులు ఇచ్చేవాళ్లు. కానీ గన్ దగ్గర కమాండర్ అరుపు వినపడకపోతే పని జరగదు కాబట్టి అవి ఎక్కువగా జేబుల్లోనే ఉండేవి. చెవి నొప్పని ఎంఐ రూమ్‌కి, అంటే యూనిట్లో డాక్టరు చూసే గదికి, వెళ్లేవాళ్లూ తక్కువే. మెడికల్ కేటగిరీ, అంటే ఆరోగ్యానికి ఇచ్చే గ్రేడు, పడిపోతే ప్రమోషన్‌కి అడ్డమని యూనిట్లో ఎవరిని అడిగినా చెబుతారు.

రిటైర్మెంట్ దగ్గరపడేసరికి ఆడవాళ్ల మాటలు, పిల్లల మాటలు అందకుండా పోయాయి. మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమంటున్నారో తెలియదు. పెద్ద శబ్దాలకి లోపలి చెవిలో ఉండే సన్నటి రోమకణాలు చచ్చిపోతాయి. అవి మళ్లీ పుట్టవు. ముందు పోయేది హై ఫ్రీక్వెన్సీ శబ్దాలు. స, త, క లాంటి హల్లులు తెలిసేది వాటివల్లే. మా ఆవిడ ‘ఏమండీ’ అనడం వరకూ వినపడేది, ఆ తర్వాతదంతా నా ఊహ. ఆమె ఒకటి అడిగితే నేను ఇంకొకటి చెప్పడం, ఇద్దరికీ చిరాకు.

ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష, గదిలో కూర్చున్న రోజు బాగా గుర్తుంది. హెడ్‌ఫోన్స్ పెట్టి, బీప్ వినపడగానే బటన్ నొక్కమన్నారు. మొదట బాగానే నొక్కాను. సన్నటి శబ్దాలు మొదలయ్యాక బీప్ ఏదో, నా చెవిలో ఎప్పుడూ ఉండే ఈల ఏదో తేడా తెలియలేదు. నొక్కుతూనే ఉన్నాను. అద్దం అవతలి అమ్మాయి చెయ్యి ఊపి, ‘సార్, నేనింకా ఇవ్వలేదు’ అంది. తర్వాత ఆగి ఆగి వచ్చే బీప్ పెట్టి మళ్లీ చేసింది. గ్రాఫులో 4000 హెర్ట్జ్ దగ్గర గీత గోతిలో పడ్డట్టు దిగిపోయింది. శబ్దం వల్ల పోయిన చెవులకి సాధారణంగా కనిపించే గుర్తు అదేనని ఆమే చెప్పింది.

రిటైరయ్యే ముందు పరీక్షించే డాక్టర్ల బృందం, రిలీజ్ మెడికల్ బోర్డు, మాత్రం వైకల్యం 20 శాతం, జీవితాంతం అని రాసి, ఆ కిందే ఇది సర్వీసు వల్ల వచ్చిందీ కాదు, సర్వీసులో ముదిరిందీ కాదు అని రాసింది. ఫలానా రోజు ఫలానా ప్రమాదం జరిగినట్టు రికార్డు లేదట! పెన్షన్‌తో పాటు వైకల్యానికి ఇచ్చే డిసెబిలిటీ ఎలిమెంట్ రావాలంటే కనీసం 20 శాతం ఉండాలి, సర్వీసుతో సంబంధమూ ఉండాలి. రెండోది లేదంటే పైసా రాదు. డబ్బు సంగతి అటుంచి, ఆ వాక్యం చదివితే ఒళ్లు మండింది. అప్పీలుకి కూడా అవే మాటలతో జవాబొచ్చింది.

మా జిల్లాకే చెందిన ఒక రిటైర్డ్ సుబేదార్ సాబ్ కాగితాలన్నీ చూసి, ‘కోపం తర్వాత తమ్ముడూ, ముందు నీ భర్తీనాటి మెడికల్ షీట్ తియ్యి’ అన్నారు. భర్తీలో డాక్టరు 6 మీటర్ల దూరంలో నిలబడి గుసగుసగా చెప్పిన మాటలు మేం తిరిగి చెప్పాం. చెవులు బాగున్నాయని సంతకం పెట్టింది వాళ్లే. చేరేటప్పుడు జబ్బేదీ నమోదు కాకపోతే మనిషి ఆరోగ్యంగా చేరినట్టేననీ, తర్వాత వచ్చింది సర్వీసు వల్ల కాదని నిరూపించే బాధ్యత డిపార్ట్‌మెంట్‌దేననీ 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు పట్టుకుని సైనికుల కేసులు వినే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్‌కి వెళ్లాం. మన రెండు రాష్ట్రాలకీ చెన్నై బెంచే.

ఈలోగా చెవి కేసు కోసం ఆగదు కదా. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ ద్వారా వినికిడి మిషన్లు వచ్చాయి. మొదట్లో నరకం. ఫ్యాను, కంచాల చప్పుడు, నేను నమిలే శబ్దం, అన్నీ ఒక్కసారే మీద పడేవి. రోజూ కొంచెం కొంచెం సేపు పెంచుకుంటూ పోతే అలవాటైంది. ఈలకి మాత్రం మందు లేదు. రాత్రి గది పూర్తిగా నిశ్శబ్దంగా ఉంటే అది ఎక్కువగా తెలుస్తుంది, అందుకని ఫ్యాన్ వేసుకునో రేడియో చిన్నగా పెట్టుకునో పడుకోమన్నారు. టెన్షన్ పడితే ఈల పెరుగుతుంది. వాయిదా దగ్గరపడిందంటే లాయరు ఫోన్ కంటే ముందు నా చెవే చెప్పేది!

తీర్పు మాకు అనుకూలంగా వచ్చింది. 20 శాతాన్ని 50కి పెంచి లెక్కగట్టారు. వైకల్యం వల్ల ముందే ఇంటికి పంపినవాళ్లకే కాదు, మామూలుగా రిటైరైన వాళ్లకీ ఈ లెక్క వర్తిస్తుందని 2014లో రామ్ అవతార్ కేసులో తేలింది. నూరు శాతం వైకల్యానికి చివరి జీతంలో 30 శాతం ఇస్తారు, కాబట్టి నాకు 15 శాతం. బకాయిలు మాత్రం నాకు కేసు వేయడానికి ముందు మూడేళ్లకే ఇచ్చారు. ఆలస్యంగా మేలుకున్నందుకు మిగతాది పోయింది.

మా బ్యాచ్‌లో కొందరు మిషన్ పెట్టుకుంటే శాతం తగ్గిస్తారేమోనని ఇప్పటికీ పెట్టుకోవడం లేదు. ఆడియోగ్రామ్, అంటే ఆ వినికిడి గ్రాఫు, తీసేది మిషన్ పక్కన పెట్టించే కదా అంటే నమ్మరు. కేసు నడుస్తున్నన్నాళ్లూ ఇంట్లోవాళ్ల మాట వినకుండా కూర్చోవడం నాకైతే అర్థం కాదు. రిటైర్ కాబోయే కుర్రాళ్లు ఫోన్ చేస్తే మాత్రం ఆడియోమెట్రీ సర్వీసులో ఉండగానే చేయించుకోమంటాను, బోర్డు ప్రొసీడింగ్స్ కాపీ లేకుండా ఇంటికి రావద్దంటాను. ఫోన్ స్పీకర్లో పెట్టి, గట్టిగానే.