మాస్టారు పట్టుకున్న గమకం

మన కళాశాల సంచికకు వ్యాసం పంపమనగానే నాకు గుర్తొచ్చిన పేరు జాన్ మెక్‌లాఫ్లిన్. జాజ్ ఫ్యూజన్ గిటారిస్టుకూ మన వీణ తరగతికీ సంబంధమేమిటని కొత్తవారు అడగవచ్చు. నాతో చదివినవారు మాత్రం అడగరు.

మా సీనియర్ ఒకరు, మెక్‌లాఫ్లిన్ మన విద్వాంసులతో కలిసి వాయించిన ‘శక్తి’ బృందం క్యాసెట్ తెచ్చి మా వీణ మాస్టారి గదిలో పెట్టారు. ఎల్. శంకర్ వయొలిన్, జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయక్‌రామ్ ఘటం, రాఘవన్ మృదంగం, వాటి మధ్య ఒక గిటారు. మాస్టారు కళ్లు మూసుకుని, తొడ మీద తాళం వేస్తూ ఒక వైపంతా విన్నారు. “ఇతనికి వీణ తెలిసినవాళ్లెవరో పాఠం చెప్పారు” అన్నారు. అంతకుమించి ఒక్క మాట లేదు.

ఆయన చెప్పింది నిజమని చాలా ఏళ్ల తర్వాత చదివాను. అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో కర్ణాటక సంగీత విద్వాంసుడు డాక్టర్ ఎస్. రామనాథన్ దగ్గర మెక్‌లాఫ్లిన్ వీణ నేర్చుకున్నారు. అప్పటికాయన మామూలు మనిషి కారు. 1942లో ఇంగ్లండులోని డాన్‌కాస్టర్‌లో పుట్టి, లండన్ క్లబ్బుల్లో వాయించి, 1969లో న్యూయార్క్ చేరిన కొద్ది రోజులకే జాజ్ ట్రంపెట్ దిగ్గజం మైల్స్ డేవిస్ రికార్డింగులో కూర్చున్నారు. ‘బిచెస్ బ్రూ’ ఆల్బమ్‌లో ఒక రచనకు మైల్స్ ఈయన పేరే పెట్టారు. 1971లో మొదలైన తన సొంత బృందం మహావిష్ణు ఆర్కెస్ట్రాతో, ఆ రెండు మెడల ఎలక్ట్రిక్ గిటారుతో, పేరు మార్మోగిపోయింది. అంతటి పేరున్నవాడు సరిగమల దగ్గరికి వచ్చి శిష్యుడిగా కూర్చున్నాడంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఆయన వేగాన్ని మెచ్చుకునేవారు ఎందరో ఉన్నారు. నేను మొక్కేది ఈ వినయానికే.

ఆ చదువు వాద్యంలోకే వచ్చింది. వీణకు మెట్లు, అంటే తీగను నొక్కే అడ్డ పట్టీలు, మైనం మీద ఎత్తుగా ఉంటాయి కనుక తీగ లాగితే గమకం, అంటే స్వరంలోని ఊపు, పలుకుతుంది. మామూలు గిటారులో వేలు వెంటనే చెక్కకు తగులుతుంది. అందుకని శక్తి కోసం గిటార్ల తయారీదారు ఏబ్రహం వెక్టర్ చేసిన గిటారులో మెట్టుకూ మెట్టుకూ మధ్య చెక్కను గుంటగా తొలిచారు. అసలు తీగలకు అడ్డంగా, ఏటవాలుగా, శ్రుతి కోసం మరో ఏడు తీగలు బిగించారు. ఆ వాద్యం ఫొటో చూసినప్పుడు మాస్టారు పక్కన ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.

మహావిష్ణు రికార్డులు గొప్పవే, కాదనను. అయినా నా మట్టుకు ఆయన శిఖరం 1975లో లాంగ్ ఐలాండ్ కచేరీలో రికార్డయి మరుసటి ఏడాది వచ్చిన తొలి శక్తి ఆల్బమే. అందులో ‘జాయ్’ 18 నిమిషాలు సాగుతుంది. గిటారు, వయొలిన్ ఒకదాని వాక్యాన్ని మరొకటి అందుకుంటూ పరుగెత్తుతుంటే, తాళం వేసే చెయ్యి ఎక్కడ తప్పుతుందోనని గుండె కొట్టుకుంటుంది.

1997లో ‘రిమెంబర్ శక్తి’గా ఆ బాట మళ్లీ తెరుచుకుంది. తర్వాత మన పాలకొల్లు బిడ్డ మాండలిన్ శ్రీనివాస్ అందులో చేరారు. ఆయన ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పక్కన మెక్‌లాఫ్లిన్ గిటారు చాలాచోట్ల వెనక్కి తగ్గి, మాండలిన్‌కు దారి విడిచి వింటుంది. 2014లో శ్రీనివాస్ 45 ఏళ్లకే వెళ్లిపోవడం నాకు సొంత మనిషి పోయినట్లే ఉంది. 2023లో గాయకుడు శంకర్ మహదేవన్, కంజిర సెల్వగణేశ్, వయొలిన్ గణేష్ రాజగోపాలన్, తబలా జాకిర్‌లతో శక్తి చేసిన ఆల్బమ్‌కు మరుసటి ఏడాది గ్రామీ వచ్చింది. గ్రామీ వచ్చిన ఏడాదే డిసెంబరులో జాకిర్ కూడా కన్నుమూశారు.

సెల్వగణేశ్‌తో కలిసి మెక్‌లాఫ్లిన్ కొన్నక్కోల్, అంటే తాళపు జతులను నోటితో పలికే విద్య, పాఠాల డీవీడీ కూడా చేశారు. దాన్ని, తొలి శక్తి ఆల్బమ్‌ను మన గ్రంథాలయానికి పంపుతున్నాను. మృదంగం విద్యార్థులు డీవీడీతో, వీణ విద్యార్థులు ఆల్బమ్‌తో మొదలుపెట్టాలని నా కోరిక.