నలపాలా, నలపకూడదా?

మా చిన్నోడి కరపత్రం చదివిన దగ్గర్నుంచీ నిద్ర పట్టడం లేదు. సిరిమాను సంబరంలో పంచుతారట. విజయనగరం కుర్రాళ్లు నీళ్ల సీసాల మీద డిపాజిట్ చట్టం, అంటే కొన్నప్పుడు కొంత అదనంగా కట్టి ఖాళీ ఇచ్చాక వెనక్కి తీసుకునే ఏర్పాటు, అడుగుతున్నారంటే సంతోషమే. గానీ ఆ కింది వాక్యం చూడండి: ‘సీసాకు 2 రూపాయల డిపాజిట్ పెట్టాలి, తాగాక నలిపి డబ్బాలో వెయ్యాలి.’ ఈ రెండూ ఒకచోట ఇమడవు.

డిపాజిట్ తిరిగి రావాలంటే సీసా సొట్ట పడకుండా రావాలి. వేరే దేశాల్లో ఖాళీలు తీసుకునే మిషన్ మొదట బార్‌కోడ్ చదువుతుంది, ఆకారం చూస్తుంది, డబ్బు లెక్క కట్టాకే సీసాను నలుపుతుంది. ముందే నలిపేస్తే కోడ్ ముడతల్లో పడి చదవదు, ఆ 2 రూపాయలూ పోయినట్టే.

నలపమనే మాట కొట్టేయమందామనుకున్నాను. కానీ అది ఊరికే వచ్చింది కాదు. ఖాళీ సీసాలో కుళాయి నీళ్లు పట్టి, మూత బిగించి రైల్వే స్టేషన్లో మళ్లీ అమ్మకుండా ఉండాలనే సీసాల మీద అలా అచ్చేస్తారు. కాబట్టి నలపాలి. ఎప్పుడన్నదే ముఖ్యం: లెక్కయ్యాక, తీసుకున్నవాడి చేతుల మీదుగా.

వెనకటి కూల్‌డ్రింకు గాజు సీసాలకి ఈ తంటా లేదు. కొట్టు ముందు 24 గళ్ల కేసు, ఖాళీ ఇస్తేనే నిండుది. ఇంటికి పట్టుకెళ్తే సీసా డబ్బులు కట్టాలి. మూతి పగిలింది తెస్తే వెనక్కిచ్చేసేవాడు. నిండు కేసులు దించిన బండే ఖాళీలు ఎక్కించుకునేది. అదంతా చట్టం లేకుండానే నడిచింది, ఎందుకంటే కంపెనీకి ఆ సీసా మళ్లీ కావాలి. ఇప్పటి లీటరు ప్లాస్టిక్ సీసా ఇరవై గ్రాముల పైచిలుకు. కిలో తూగాలంటే నలభై దాకా ఏరాలి. దానికోసం కంపెనీ బండి వెనక్కి రాదు, అందుకే చట్టం కావాలి.

నాకు ఒళ్లు మండేది మాత్రం ఖాళీలు వెనక్కి తీసుకోవాల్సిన కిరాణా కొట్టువాడి మాటే కరపత్రంలో ఎత్తనందుకు. నలపని సీసాలు గోనెసంచిలో పట్టుమని యాభై పట్టవు. పది అడుగుల కొట్టులో వాటిని ఎక్కడ పెడతాడు? సీసాకింత అని అతనికి కూలీ రాసి ఉండాలి, కంపెనీ ఇవ్వాలి. అది లేకపోతే మొదటి వారమే ‘చిల్లర లేదు, రేపు రా’ అంటాడు. అసలు చిన్న కొట్లను వదిలేసి తుక్కు కొట్లనే కేంద్రాలు చేయమనడం మేలేమో. వాళ్లకి జాగా ఉంది, తూకం ఉంది. చెత్తలో సీసాలు ఏరుకునేవాళ్లు ఎలాగూ అక్కడికే వస్తారు, డిపాజిట్ వాళ్ల చేతికే అందుతుంది.

ఒడిశా సరిహద్దులోని ఇచ్ఛాపురం సంగతీ రాయాలి. మన దగ్గర డిపాజిట్ ఉండి ఒడిశాలో లేకపోతే అక్కడి ఖాళీలు ఇక్కడికి వచ్చిపడతాయి. అమెరికాలోని మిషిగన్‌లో పక్క రాష్ట్రాల కూల్‌డ్రింకు డబ్బాలతో ఈ బాధ పడ్డారు. ప్రతి సీసాకూ విడి క్యూఆర్ కోడ్ ఉండి, ఒకసారి డబ్బిచ్చాక అది చెల్లకుండా పోవాలి.

అన్నీ ఒకేసారి అడగక్కర్లేదు. అమెరికాలోనే ఆరెగాన్ రాష్ట్రం 1971లో బీరు, సోడాలతో మొదలెట్టి నీళ్ల సీసాలను 2009లో చేర్చింది, 2017లో డిపాజిట్ 5 సెంట్ల నుంచి 10కి పెంచింది. తమిళనాడు 2022లో నీలగిరుల్లో మద్యం సీసాకు 10 రూపాయలతో మొదలెట్టింది. మనం నీళ్లు, కూల్‌డ్రింకుల సీసాలు అడుగుదాం. పాల ప్యాకెట్లు ఇప్పుడొద్దు. కడగకుండా దాస్తే పూటకే కంపు కొడతాయి, ఏ కొట్టువాడూ గుమ్మం ఎక్కనివ్వడు.