నీట్ కెమిస్ట్రీలో పోయిన 30 మార్కులు, మావయ్య చెరువు గట్టు మీద దొరికిన లెక్క

రిజల్ట్ వచ్చి నాలుగు రోజులైంది. చుట్టాల ఫోన్లు ఇంకా ఆగలేదు. అమ్మ నిన్ననే అంతర్వేది వెళ్లి మొక్కు తీర్చుకుని వచ్చింది. కిందటేడు ఇదే రోజుల్లో మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు, టీవీ కూడా పెట్టలేదు. అందుకే ఈ సంతోషం చల్లారకముందే రాసేద్దామని కూర్చున్నాను. రిపీటర్లు, లాంగ్ టర్మ్ వాళ్లు, ముఖ్యంగా "కెమిస్ట్రీ కాన్సెప్ట్ అంతా వచ్చు, మార్కులే రావట్లేదు" అనుకునేవాళ్లు ఓపిగ్గా చదవండి.

మాది రాజోలు వైపు. ఇంటర్ బైపీసీ అవ్వగానే రాసిన మొదటి అటెంప్ట్‌లో కెమిస్ట్రీ 180కి 82. ఈసారి 151. పేపర్ ప్యాటర్న్, నెగెటివ్ మార్కింగ్ మీకు నేను చెప్పక్కర్లేదు. ఈ 82కీ 151కీ మధ్య ఏం జరిగిందో అది చెబుతాను.

మొదటి అటెంప్ట్ కీ వచ్చినప్పుడు చాలామందిలాగే మొత్తం మార్కులు లెక్కేసుకుని ఏడ్చి పడుకున్నాను. వారం తర్వాత నాన్న ఒక మాటన్నారు. "ఎన్ని పోయాయో చూశావు, ఎందుకు పోయాయో చూశావా?" అప్పుడు ఓఎంఆర్ (జవాబులు దిద్దిన షీట్), కీ, పేపర్ మూడూ పక్కపక్కన పెట్టుకుని కెమిస్ట్రీలో తప్పు పెట్టిన 14 ప్రశ్నలూ మళ్లీ చేశాను. నిజంగా రానివి 8. మిగతా 6 నాకు వచ్చినవే! ఫార్ములా కరెక్ట్, పద్ధతి కరెక్ట్, యూనిట్ తప్పు. ఒక చోట 27 డిగ్రీల సెల్సియస్‌ని కెల్విన్‌లోకి మార్చలేదు. ఒక చోట 500 మిల్లీలీటర్లను లీటర్లలోకి మార్చకుండా మొలారిటీ (లీటరు ద్రావణంలో ఎన్ని మోల్స్ ఉన్నాయో ఆ లెక్క) కట్టాను. పీడనం అట్మాస్ఫియర్లలో ఇస్తే గ్యాస్ కాన్‌స్టంట్ 8.314 వేశాను. నానోమీటర్‌కి 10⁻⁹ బదులు ఆంగ్‌స్ట్రామ్‌ది 10⁻¹⁰ వేశాను. ఒక దాంట్లో సాంద్రత గ్రామ్ పర్ మిల్లీలీటర్‌లో ఉంటే దాన్నే లీటర్‌కి అనుకున్నాను. ఒక్కో ప్రశ్నకి రావాల్సిన 4 పోయి, ఉన్నదాంట్లో 1 కోత. ఆరు అయిదులు ముప్పై. ఆ 30 మార్కులు నా చేతిలోంచి జారిపోయినవి.

ఆరోది మాత్రం ఇప్పటికీ కళ్లముందే ఉంది. వాయువు 2 బార్ స్థిర పీడనానికి వ్యతిరేకంగా 1 లీటరు నుంచి 6 లీటర్లకు వ్యాకోచిస్తే పని ఎంత, ఇలాంటి లెక్క. రెండు అయిదులు పది, ముందు మైనస్. ఆప్షన్లు చూస్తే మైనస్ 10 జౌల్స్ మొదట్లోనే ఉంది. బబుల్ చేసి ముందుకెళ్లిపోయాను. అర నిమిషంలో చేశానని ధైర్యం కూడా వచ్చింది. కానీ నాకు వచ్చిన పది, జౌల్స్ కాదు, లీటర్ బార్‌లు. ఒక లీటర్ అంటే 10⁻³ ఘనపు మీటర్లు, ఒక బార్ అంటే 10⁵ పాస్కల్స్, రెండూ గుణిస్తే ఒక లీటర్ బార్ 100 జౌల్స్. జవాబు మైనస్ 1000 జౌల్స్. అది కూడా ఆప్షన్లలో ఉంది. పేపర్ తయారుచేసేవాళ్లకి మనం ఎక్కడ తప్పుతామో ముందే తెలుసు. ఆ తప్పుకి వచ్చే జవాబునే ఆప్షన్‌గా పెడతారు. మన జవాబు ఆప్షన్లలో కనిపించింది కదా అని అది కరెక్ట్ అనుకోవద్దు.

సిల్లీ మిస్టేక్స్ అంటారు వీటిని. ఆ మాట నాకు నచ్చదు. సిల్లీ అంటే ఈసారి జాగ్రత్తగా ఉంటే చాలు అనిపిస్తుంది. నేను ఆ రోజు జాగ్రత్తగానే ఉన్నాను. నాకు రానిది యూనిట్లు మార్చడమే, అది కూడా ఒక చాప్టర్‌లా నేర్చుకోవాల్సిన విషయం అని అప్పటిదాకా నాకు ఎవరూ చెప్పలేదు. ఫస్టియర్ మొదటి చాప్టర్‌లో నాలుగు లైన్లలో అయిపోతుంది. క్లాసులో కూడా "ఇది మీకు తెలిసిందే" అని మోల్ కాన్సెప్ట్‌లోకి (అణువుల్ని లెక్కపెట్టే కొలత మోల్) దూకేస్తారు. తెలిసిందే అన్నాక లేచి తెలియదని చెప్పే ధైర్యం ఎంతమందికి ఉంటుంది?

ఇక మావయ్య చెరువు సంగతి. ఆ జూలైలో ఒక సాయంత్రం మావయ్య వచ్చి, "ఎంతసేపని గదిలో కూర్చుంటావ్ అమ్మడూ, చెరువు గట్టు మీద గాలన్నా తగులుతాది రా" అని బండెక్కించుకుని తీసుకుపోయాడు. రెండెకరాల వనామి రొయ్యల చెరువు. ఏరియేటర్లు తిరుగుతున్నాయి, మోటారు షెడ్డులో మేత బస్తాల వాసన. అప్పుడే నీళ్ల టెస్ట్ చేయించిన చీటీ వచ్చింది. దాని మీద మినరల్స్ 5 పీపీఎమ్ వేయాలని రాసి ఉంది. మావయ్య చీటీ నా చేతికిచ్చి, "నీళ్లు నాలుగడుగులున్నాయి. ఎన్ని కిలోలు వేయాలో చెప్పు" అన్నాడు.

చీటీ వెనకాలే లెక్క మొదలుపెట్టాను. ఎకరం 43,560 చదరపు అడుగులు. రెండెకరాలు 87,120. నాలుగడుగుల లోతుతో గుణిస్తే 3,48,480 ఘనపు అడుగులు. అడుగంటే 0.3048 మీటర్లు కదా, దాంతో గుణించాను. 1,06,217 ఘనపు మీటర్లు వచ్చింది. పీపీఎమ్ అంటే నీళ్లలో లీటరుకి ఒక మిల్లీగ్రాము, అంటే ఘనపు మీటరుకి ఒక గ్రాము. ఐదు గ్రాముల చొప్పున 531 కిలోలు. చెప్పాను.

మావయ్య పదో తరగతి దాకా చదివాడు. పెన్ను పట్టలేదు. "అయిదొందల ముప్పై కిలోలా? రెండెకరాలకా? మళ్లీ చూడమ్మా" అన్నాడు. తర్వాత ఆయనే నోటితో లెక్క చెప్పాడు. "ఎకరం చెరువు, మీటరు లోతు, ఒక పీపీఎమ్ అంటే నాలుగు కిలోలు. రెండెకరాలకి ఎనిమిది. నాలుగడుగులంటే మీటరుంపావుకి కాస్త తక్కువ, అంటే పదికి లోపు. అయిదు పీపీఎమ్‌లకి యాభై కిలోల్లోపు."

నేను ఎక్కడ తప్పానో చూసుకునేసరికి చీకటి పడింది. అడుగుని మీటరు చేసే 0.3048ని ఒక్కసారే గుణించాను. అడుగు మూడుసార్లు ఉంది, పొడవు, వెడల్పు, లోతు. మూడుసార్లూ మార్చాలి. 0.3048ని ఘనం చేస్తే 0.0283. దాంతో గుణిస్తే 9,868 ఘనపు మీటర్లు, 49.3 కిలోలు. మావయ్య లెక్కకీ దీనికీ తేడా లేదు. ఆయన చెప్పిన నాలుగు కిలోలు ఎక్కడిదో కూడా అప్పుడే తెలిసింది. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. మీటరు లోతు నీళ్లుంటే 4,047 ఘనపు మీటర్లు, ఘనపు మీటరుకి గ్రాము చొప్పున నాలుగు కిలోల పైన ఓ పిసరు. పరీక్షలో నేను తప్పితే 5 మార్కులు పోతాయి. ఇక్కడ పది రెట్లు మందు వేస్తే పంటకే ముప్పు. అందుకే ఆయనకి జవాబు వినగానే ఇది కాదు అని తెలిసిపోయింది. నాకు తెలియలేదు. నా దృష్టిలో 531 కూడా అంకే, 49 కూడా అంకే.

ఆ రాత్రి ఇంటికొచ్చి కొత్త నోట్‌బుక్ తీశాను. పెట్టుకున్న నియమం ఒక్కటే. యూనిట్ లేకుండా ఏ అంకెనీ రాయను. "గుణించాలా, భాగించాలా" అన్న ప్రశ్న కూడా వేసుకోను. 1 లీటరు, 1000 మిల్లీలీటర్లు రెండూ ఒకటే కాబట్టి ఒకదాన్ని రెండోదానితో భాగిస్తే విలువ 1. ఒకటితో గుణిస్తే ఏదీ మారదు. కాబట్టి నాకు అక్కర్లేని యూనిట్ కొట్టుకుపోయేలా ఆ భిన్నాన్ని నిలబెట్టుకోవడమే. మిల్లీలీటర్లు పైనుంటే ఫ్యాక్టర్‌లో మిల్లీలీటర్లు కిందికి రావాలి, అంతే.

ఒక్క లెక్క చూపిస్తాను. 98 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లం, సాంద్రత 1.84 గ్రామ్ పర్ మిల్లీలీటర్, మొలారిటీ ఎంత? ఇలా ఒకే లైన్‌లో రాయండి.

(1.84 గ్రా. ద్రావణం / 1 మి.లీ.) × (1000 మి.లీ. / 1 లీ.) × (98 గ్రా. ఆమ్లం / 100 గ్రా. ద్రావణం) × (1 మోల్ / 98 గ్రా. ఆమ్లం)

మిల్లీలీటర్లు కొట్టేయండి, ద్రావణం గ్రాములు కొట్టేయండి, ఆమ్లం గ్రాములు కొట్టేయండి. మిగిలింది మోల్ పర్ లీటర్. అంకె 18.4. ఫార్ములా గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు. గ్రాములు అని ఊరుకోకుండా దేని గ్రాములో కూడా రాయడం ముఖ్యం. ఎక్కువమంది తప్పేది అక్కడే. మొదట్లో నాకు ఇలాంటి లెక్కకి మూడు నిమిషాలు పట్టేది. నెల తిరిగేసరికి ముప్పావు నిమిషం. "టైమ్ ఉండదు" అనేవాళ్లకి చెప్పేది ఇదే. తప్పు జవాబుకి పెట్టిన టైమే వేస్ట్ టైమ్.

ఘనాల తప్పు మళ్లీ రాకుండా ఆగస్టులో ఇంకో పని చేశాను. గోదావరికి వరదొస్తే మా ఇళ్లల్లో టీవీ ముందు నుంచి ఎవరూ కదలరు. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపు అడుగు. ఘనపు అడుగు అంటే 0.0283 ఘనపు మీటరు, 28.3 లీటర్లు. 10 లక్షల క్యూసెక్కులంటే సెకనుకి 2 కోట్ల 83 లక్షల లీటర్లు. టీవీలో అంకె మారినప్పుడల్లా నోటితో మార్చేదాన్ని. తర్వాత ఘనపు సెంటీమీటరు 10⁻⁶ ఘనపు మీటరు అన్నది బట్టీ పట్టకుండానే వచ్చేసింది.

గ్యాస్ కాన్‌స్టంట్ గురించి. 0.0821కి లీటర్ అట్మాస్ఫియర్, 0.0831కి లీటర్ బార్, 8.314కి జౌల్. ఈ మూడూ వేరే కాన్‌స్టంట్లు కాదు, ఒక్కటే, యూనిట్లు వేరు. ప్రశ్నలో పీడనం ఏ యూనిట్‌లో ఉందో చూసి ఎంచుకోండి. ఎస్‌టీపీలో (ప్రామాణిక ఉష్ణోగ్రత, పీడనం దగ్గర) మోలార్ ఘనపరిమాణం, అంటే ఒక మోల్ వాయువు ఆక్రమించే చోటు, 22.4 లీటర్లా 22.7 లీటర్లా అని చాలామంది గొడవ పడుతుంటారు. రెండూ నిజమే. పాత నిర్వచనంలో పీడనం 1 అట్మాస్ఫియర్. 1982లో ఐయూపీఏసీ (కెమిస్ట్రీ ప్రమాణాలు చెప్పే అంతర్జాతీయ సంస్థ) దాన్ని 1 బార్ చేసింది. అట్మాస్ఫియర్ 1.01325 బార్ కాబట్టి బార్ దగ్గర పీడనం కాస్త తక్కువ, ఘనపరిమాణం కాస్త ఎక్కువ. ప్రశ్నలో ఏది ఇచ్చారో చదవండి. ఉష్ణోగ్రతలో ఇంకో చిక్కుంది. వాయువుల సూత్రం పీవీ ఈక్వల్స్ ఎన్ఆర్‌టీలో కెల్విన్ తప్పనిసరి. కానీ ఉష్ణోగ్రతల తేడా అడిగితే సెల్సియస్‌లోనైనా కెల్విన్‌లోనైనా అదే అంకె. తేడాకి 273 కలిపేసి నేను మాక్ టెస్టుల్లో రెండుసార్లు దెబ్బతిన్నాను.

మోల్ కాన్సెప్ట్ భయం ఉన్న భీమవరం, రాజోలు, పాలకొల్లు పిల్లలకి ఒక మాట. రొయ్యల కౌంట్ మీకు తెలుసు. 100 కౌంట్ అంటే కిలోకి వంద రొయ్యలు, ఒక్కోటి 10 గ్రాములు. 40 కౌంట్ అంటే ఒక్కోటి 25 గ్రాములు. రొయ్య చిన్నదైతే కౌంట్ పెరుగుతుంది. "ఒక్కో గ్రాము తీసుకుంటే దేంట్లో అణువులు ఎక్కువ" అన్న ప్రశ్న అచ్చం ఇదే. మోలార్ మాస్ (ఒక మోల్ బరువు) దేనికి తక్కువో దాని కౌంట్ ఎక్కువ. ఇలా చెబితే మా పక్కింటి ఇంటర్ అమ్మాయికి ఒక్క సాయంత్రంలో అర్థమైంది.

బయాలజీ ఎన్‌సీఈఆర్‌టీ లైన్ టు లైన్, ఆరుసార్లు. ఫిజిక్స్‌లో నాకు రానివాటిని వదిలేసి వచ్చినవి గట్టి చేసుకున్నాను. ఇవి అందరూ చెప్పేవే, ఇంతకన్నా రాయను.

ఇంటి దగ్గరే ఉండి చదవడం మీద చాలా మాటలు పడ్డాను. హాస్టల్‌కి పంపకపోతే సీటు రాదని మా చుట్టాల్లో ఒకరు అమ్మ మొహం మీదే అన్నారు. హాస్టల్‌లో చదివి ర్యాంకు కొట్టినవాళ్లు నాకూ తెలుసు, వాళ్లని తక్కువ చేయట్లేదు. కానీ నేను పొద్దున్న నాలుగున్నరకి లేచి ఎనిమిదింటికల్లా ఒక పేపర్ పూర్తి చేసేదాన్ని. ఫోన్ నాన్న దగ్గర ఉండేది. పెళ్లిళ్లకి వెళ్లలేదు, సంక్రాంతికి మూడు రోజుల్లో ఒక్క భోగి రోజే బయటికొచ్చాను. అది తప్పని ఇప్పటికీ అనుకోను. ఒక్క సంవత్సరం మనది మనం కాపాడుకోలేకపోతే ఎంత మంచి ఫ్యాకల్టీ ఉన్నా ఏం చేస్తారు? తప్పుల పుస్తకం రోజూ రాత్రి రాయండి. ఒంట్లో బాగోకపోయినా రాయండి.

పరీక్ష రోజు రఫ్ వర్క్ చోటంతా యూనిట్లతో నిండిపోయింది. వాయువుల లెక్క ఒకటి వచ్చింది. పీడనం, ఘనపరిమాణం, ఉష్ణోగ్రత మూడూ రాసి, పక్కన యూనిట్లు రాసి, కొట్టేసి, చివర మిగిలింది మోల్ ఒక్కటే అని చూసుకున్నాకే అంకె కట్టాను. ఆప్షన్లను అప్పటిదాకా చేత్తో మూసి ఉంచాను. ఈసారి కెమిస్ట్రీలో తప్పులు 5. కీ చూసుకున్నప్పుడు మళ్లీ ఒక్కొక్కటే చేశాను. ఒక్కటి కూడా యూనిట్ తప్పు కాదు.

ఆ నోట్‌బుక్ ఇప్పుడు పక్కింటి అమ్మాయి దగ్గర ఉంది. మొదటి పేజీలో మావయ్య చెరువు చీటీ అతికించి ఉంటుంది, 531 కిలోల లెక్కతో సహా. కొట్టేసి నీట్‌గా మళ్లీ రాసివ్వమంటావా అక్కా అని అడిగింది. వద్దన్నాను.