తుంగ తిని బతికే మంచుకొండ సీతాకోకచిలుక

నిన్న దీపాలు పెట్టే వేళకి మా వసారాలో లైటు కిందికి ఓ సీతాకోకచిలుక వచ్చి వాలింది. రెక్కలు ముడిస్తే అచ్చం ఎండుటాకే. కామన్ ఈవెనింగ్ బ్రౌన్ అంటారు, దీని పురుగు మన కోనసీమ చేలల్లో వరి ఆకు తిని పెరుగుతుంది. ఇది కనిపించినప్పుడల్లా నాకు దీని దూరపు చుట్టం ఒకటి గుర్తొస్తుంది.

ఆ చుట్టం పేరు మెలిస్సా ఆర్కిటిక్. అలాస్కా, కెనడా ఉత్తరపు చలినేలల్లో ఉంటుంది. నాకు బెంగగా ఉండేది మాత్రం అమెరికాలో న్యూ హాంప్‌షైర్ కొండల మీద ఒంటరిగా మిగిలిపోయిన గుంపు గురించి. మంచుయుగంలో ఆ చుట్టుపక్కలంతా చలే, పదివేల ఏళ్ల కిందట మంచు కరిగి వెనక్కి తగ్గుతుంటే ఇవి చలిని వెతుక్కుంటూ కొండెక్కేశాయి, గోదారి పొంగితే లంకల్లో వాళ్లు ఏటిగట్టు ఎక్కినట్టు. 1986 వరదలో మా తాతయ్య వాళ్లూ అలాగే గట్టెక్కారు, నీరు తీశాక దిగొచ్చారు. వీటికి దిగొచ్చే వీలే లేకపోయింది, కింద వేడి అలాగే ఉండిపోయింది.

అక్కడ మౌంట్ వాషింగ్టన్ ఎత్తు 1917 మీటర్లు. 1934 ఏప్రిల్‌లో దాని శిఖరం మీద గాలి గంటకి 372 కిలోమీటర్ల వేగంతో వీచింది! 1996 తుపానుకి మన కొబ్బరిచెట్లు ఎలా పడ్డాయో చూసినవాళ్లం కదా, చెట్టన్నదే మొలవని ఆ బండల మీద ఇంత రెక్కల పురుగు ఎలా నిలుస్తుందో అనుకునేదాన్ని. రెక్కలు ముడుచుకుని ఒక పక్కకి ఒరిగిపోతుందట, రాయి రంగూ దాని రంగూ ఒకటే, గాలికీ పిట్టకీ దొరకదు. ఎగిరేది ఎండాకాలంలో కొద్దివారాలే. పురుగుగా మాత్రం రెండు చలికాలాలు గడపాలి.

ఇంతకీ అది తినేదేమిటో తెలిశాక దాన్ని పరాయిదనుకోలేకపోయాను. తుంగ. మనం కలుపని పీకి గట్టు మీద పారేసే తుంగ కుటుంబానిదే ఆ కొండగడ్డి కూడా. ఇప్పుడు లోకమంతా వేడెక్కుతోంది, ఇంకా పైకి పోదామంటే ఆ కొండకి పైన ఆకాశమే.

వసారాలోది రాత్రి పది దాటినా గోడ మీదే ఉంది. బల్లి కంట పడుతుందేమోనని లైటు తీసేసి పడుకున్నాను.