ఛాతీ మీద తోలు హోల్‌స్టర్: మోంటానా రాంచ్‌లో నా అనుభవం

అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో రాకీ పర్వతాలు అయిపోయి మైదానం మొదలయ్యే అంచుని రాకీ మౌంటెన్ ఫ్రంట్ అంటారు. మా మామగారి రాంచ్, అంటే పశువుల్ని పెంచే పెద్ద పొలం, అక్కడే, షోటో ఊరికి కాస్త దూరంలో. అన్నీ బ్లాక్ యాంగస్ పశువులు. చలికాలం చివర నుంచి ఏప్రిల్ దాకా ఆవులు ఈనే రోజులు, సరిగ్గా అప్పుడే గ్రిజ్లీ ఎలుగుబంట్లు నిద్ర లేచి ఆకలితో బయటికొస్తాయి, ముందు మగవి, తర్వాత పిల్లల తల్లులు. టీటన్ నది పక్క పొదలు పట్టుకుని మైదానంలోకి చాలా దూరం వచ్చేస్తాయి. ఆవు ఈనిన చోట పడిన మాయ, చచ్చిపుట్టిన దూడ, వీటి వాసన వాటికి ఎంత దూరం నుంచైనా తెలుస్తుంది. అందుకే చూడి ఆవుల్ని చూసి రావడానికి వెళ్ళేవాళ్ళు ఇక్కడ ఉత్త చేతులతో వెళ్ళరు.

తుపాకి గురించి రాస్తున్నాను కదా అని ఎవరూ పొరపడకండి, నా మొదటి ఆయుధం బేర్ స్ప్రే, అంటే ఎలుగుబంటి ముఖం మీదికి కొట్టే మిరప ఘాటు స్ప్రే. కనీసం 225 గ్రాముల డబ్బా, ఎలుగుబంటి కోసం చేసినదే, బెల్టుకి ఎడమ పక్కన ఉంటుంది. మీదికొచ్చే గ్రిజ్లీని రివాల్వర్‌తో గురి చూసి ఆపడం చాలా కష్టం, స్ప్రే అయితే మేఘంలా పరుచుకుంటుంది, గురి కాస్త తప్పినా పని చేస్తుంది. కానీ ఇక్కడ గాలి మామూలు గాలి కాదు, ఎదురుగాలిలో కొడితే మన ముఖానికే వస్తుంది, గడ్డకట్టే చలిలో డబ్బా జోరు కూడా తగ్గుతుంది. పైగా కాలు విరిగి లేవలేని పశువుకి బాధ తీర్చాల్సి వచ్చినప్పుడు స్ప్రే పనికిరాదు. అలా రివాల్వర్ అవసరం పడింది. నాది రూగర్ కంపెనీ జీపీ100 మోడల్, .357 మాగ్నమ్ గుళ్ళు పేల్చేది, నాలుగు అంగుళాల పైచిలుకు గొట్టం. ఖాళీగానే కిలో దాటుతుంది.

మొదట అందరిలాగే హోల్‌స్టర్‌ని, అంటే తుపాకి పెట్టుకునే ఒరని, నడుముకి కట్టాను. రాంచ్ పనికి అది కుదరదు. చలికోటు కిందికి దిగి పిడిని కప్పేస్తుంది, జీను మీద కూర్చుంటే తొడకి ఒత్తుకుంటుంది, ట్రక్కులో సీటు బెల్టు కింద ఇరుక్కుంటుంది, ముళ్ళకంచె కింద నుంచి దూరితే మట్టి అంతా హోల్‌స్టర్లోకే పోతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం ట్యాంకుల్లో పనిచేసేవాళ్ళకి ఇదే ఇబ్బందిని చూసి .45 పిస్టల్‌ని భుజం పట్టీతో ఛాతీ మీద వేలాడదీసే ఎం3, ఎం7 హోల్‌స్టర్లు ఇచ్చింది. ఈ రకాన్ని ఇప్పటికీ ట్యాంకర్ హోల్‌స్టర్ అనే అంటారు. అలాస్కాలో వేట గైడ్లు, నదిలో నడుము లోతు నీళ్ళలో చేపలు పట్టేవాళ్ళు ఎక్కువగా వాడేది ఈ పద్ధతే.

నేనూ ఛాతీ హోల్‌స్టర్‌కే మారాను. వాటిలో నైలాన్‌వి చవక, కానీ గడ్డి నూగు అంతా పట్టుకుంటుంది. అచ్చుపోసిన ప్లాస్టిక్‌వి గట్టిగా పట్టుకుంటాయి, వానకి భయం లేదు, అయితే రోజంతా కోటు మీద గీసుకుంటూ చప్పుడు చేస్తాయి. నేను తోలే తీసుకున్నాను, చెట్టు బెరడుతో పదును చేసిన మందపాటి తోలు. కొనేటప్పుడు చూడాల్సినవి మూడే: మీ తుపాకి మోడల్‌కి, గొట్టం పొడవుకి సరిగ్గా కొలిచి చేసినదా, ట్రిగ్గర్ చుట్టూ ఉన్న వలయం మొత్తం తోలు లోపల దాగుతుందా, పిడి వెనక టిచ్ బటన్ పట్టీ గట్టిగా ఉందా. ఈ మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా, ఎంత అందంగా కుట్టినా, వద్దు.

కొత్త తోలు కొత్త చెప్పులాగే మొదట్లో మొండికేస్తుంది. రివాల్వర్ లోపలికి దిగదు, దిగితే బయటికి రాదు. గుళ్ళన్నీ తీసేసి, అవి ఉండే సిలిండర్ తెరిచి రెండుసార్లు చూసుకుని, పల్చటి పాలిథిన్ కవర్ చుట్టి లోపలికి నొక్కి రాత్రంతా వదిలేయాలి. పొద్దున్న తీసి, మళ్ళీ పెట్టి, అవసరమైతే మర్నాడు రాత్రి కూడా. తొందరపడి నూనె పూసి మెత్తబరచకండి, ఒకసారి వదులైన తోలు మళ్ళీ బిగుసుకోదు.

అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టింది పట్టీలు సరిచేసుకోవడానికి, ఆడవాళ్ళు ముఖ్యంగా ఇది చదవండి. ఇవన్నీ ఆరడుగుల మగవాళ్ళ కొలతలకి చేసినవి. వాళ్ళకి రొమ్ము మధ్యలో కూర్చునేది నాకు పొట్ట మీదికి దిగింది, వంగితే కడుపులో గుచ్చుకుంది. నాకు సరిపోయిన చోటు రొమ్ముల కిందుగా, పక్కటెముకలు కలిసే దగ్గర, కొంచెం ఎడమకి జరిపి. భుజం పట్టీకి అదనంగా రంధ్రాలు కొట్టించాను, చలికోటు మీదికి ఒక రంధ్రం, ఎండాకాలం చొక్కా మీదికి ఇంకోటి. ఛాతీ చుట్టూ వచ్చే పట్టీ వదులుగా ఉంటే దూడని లాగడానికి వంగినప్పుడు హోల్‌స్టర్ మొత్తం ముందుకి ఊగుతుంది, మరీ బిగిస్తే ఊపిరాడదు. మా అత్తగారు పక్కన నిలబడి, వంగు, కూర్చో, చేతులు పైకెత్తు అని చేయించి బకిల్ సరిచేశారు. కోటు లోపల మాత్రం కట్టొద్దు, జిప్ తీసేలోపు అంతా అయిపోతుంది.

తర్వాత సాధన, ఖాళీ తుపాకితో. ఛాతీ హోల్‌స్టర్లో గొట్టం కిందికి, ఎడమకి చూస్తుంది, కూర్చుంటే ఎడమ తొడ వైపే. తీసేటప్పుడు ఎడమచెయ్యి దాని ముందుకి రాకూడదు, అందుకని మోచెయ్యి వెనక్కి లాగి అరచెయ్యి గడ్డం కింద ఛాతీకి ఆనించడం అలవాటు చేసుకున్నాను. వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్ళేది గురి కుదిరాకే. తిరిగి పెట్టేటప్పుడు ఇంకా నెమ్మది: కళ్ళతో చూస్తూ, తాడు కొసో కోటు అంచో లోపల ఇరుక్కోలేదని తేల్చుకుని. చేతి తొడుగులతో టిచ్ బటన్ తీయడం విడిగా నేర్చుకోవాల్సిన పనే.

మా అమ్మ ఒంగోలు నుంచి వీడియో కాల్‌లో చూసి, "అదేంటే, ఛాతీ మీద తుపాకి కట్టుకు తిరుగుతున్నావా, దూడ తన్నితే ఏంటి గతి?" అని టెన్షన్ పడింది. అమ్మ అడిగింది సరైన ప్రశ్నే. పుట్టిన దూడని గుండెకి హత్తుకుని మోయాల్సినప్పుడు, కొట్టంలో ఆవుని కట్టేసి పని చేసేటప్పుడు ఇది అడ్డమే. అందుకే కొట్టంలోకి రాగానే విప్పి తాళం పెట్టెలో పెట్టేస్తాను. బయట మేతపొలంలోనే వేసుకుంటాను.

పోయిన వసంతంలో చచ్చిన దూడ దగ్గర గ్రిజ్లీ కనిపించింది. గుర్రం మీద ఉన్నాను, ఒక చేతిలో పగ్గం, ఇంకో చెయ్యి స్ప్రే మీదికి వెళ్ళింది, రివాల్వర్ ఎక్కడుందో వెతుక్కోకుండానే తెలుసు. దాని మేత దానికి వదిలేసి మెల్లగా వెనక్కి వచ్చేశాను, రాష్ట్ర వన్యప్రాణి శాఖకి ఫోన్ చేశాం. ఇక్కడి గ్రిజ్లీలకి 1975 నుంచి ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) చట్టం రక్షణ ఉంది, ప్రాణం మీదికి వస్తే తప్ప కాల్చకూడదు, కాల్చాల్సిన అవసరం రాకపోవడమే నాకు కావాల్సింది.

ఇక్కడికి కొత్తగా వచ్చిన మనవాళ్ళు ఒకటి గమనించండి: హెచ్1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళకి తుపాకి ఉంచుకోవడం మామూలుగా నిషేధం, వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి, అడిగి తెలుసుకోకుండా చెయ్యి వేయొద్దు. నేను గ్రీన్ కార్డు వచ్చాకే కొన్నాను. పోస్టాఫీసుకి వెళ్ళే రోజు తుపాకి ఇంట్లోనే వదిలేస్తాను, పోస్టాఫీసు ఫెడరల్ ఆస్తి కాబట్టి.

రాత్రి తుపాకిని తోలులో వదలకూడదు, తోలులోని చెమ్మకి ఇనుము తుప్పు పడుతుంది. రక్తం, బురద అంటితే తడిగుడ్డతో తుడిచి, జీను సబ్బు కొంచెం రాసి, పొయ్యికి దూరంగా నీడలో ఆరబెడతాను. ఈ ఏడు భుజం పట్టీ కుట్టు ఒకచోట వదులైంది, జీన్లు బాగుచేసే ఆయన దగ్గర మైనం పట్టిన దారంతో కుట్టించాను. ఇంకా వెడల్పు పట్టీ ఒకటి చెయ్యమని కూడా చెప్పాను, సాయంత్రానికి కిలో బరువు ఒకే భుజం మీద పడి మెడ పట్టేస్తోంది.