ఇస్తాంబుల్‌లో ఒక శుక్రవారం

జుమా నమాజు అయ్యేదాకా హాగియా సోఫియాలోకి సందర్శకుల్ని రానివ్వరు. నాతో వచ్చిన పాతబస్తీ మిత్రుడు నమాజు వరుసలో కలిసిపోయాడు. అక్కడ టికెట్టు అడగరు. నేను ఆగి, 25 యూరోలు కట్టి, 2024 జనవరి నుంచి విదేశీ సందర్శకులకు పెట్టిన వేరే దారిలో పై అంతస్తు ఎక్కాను.

పైనుంచి చూస్తే కింది తివాచీ గీతలు కట్టడానికి సమంగా ఉండవు, కాస్త కుడికి వాలి ఉంటాయి. 537లో జస్టీనియన్ చక్రవర్తి పూర్తి చేయించిన చర్చి ఇది. 1453లో నగరాన్ని గెలిచిన రెండో మెహ్మద్ దీన్ని మసీదు చేశాడు. మక్కా దిక్కు వేరు కాబట్టి నమాజు వరుసలు అలా ఏటవాలుగా సాగుతాయి. పై అంతస్తు గోడమీద ఏసు, మరియ, యోహానుల మొజాయిక్ ఉంది. కింది భాగమంతా రాలిపోయింది, ముఖాలు మాత్రం నిలిచాయి. కిటికీ వెలుగు పడి ఏసు చెంప మీది చిన్న చిన్న రాళ్ళు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి. దాని ఎదురుగానే వెనిస్ పాలకుడు డాండోలో పేరు చెక్కిన రాయి. 1204లో ఈ క్రైస్తవ నగరాన్ని దోచుకున్న క్రైస్తవ సేన నాయకుల్లో ఒకడాయన. ఇక్కడి చరిత్రను రెండు మతాల పోరుగా మాత్రమే చెప్పేవాళ్ళు ఆ రాయి ముందు ఓసారి నిలబడాలి.

టర్కీ రిపబ్లిక్ స్థాపకుడు అతాతుర్క్ ప్రభుత్వం 1934లో దీన్ని మ్యూజియంగా మార్చింది. 2020 జులై 10న కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది, అధ్యక్షుడు ఎర్దోగాన్ దీన్ని మళ్ళీ మసీదు చేస్తూ అదే రోజు సంతకం పెట్టారు. 24న జరిగిన మొదటి జుమాలో ప్రభుత్వ మతశాఖ అప్పటి అధిపతి అలీ ఎర్బాష్ కత్తి చేతబట్టి ఖుత్బా, అంటే శుక్రవారం ప్రసంగం, చదివారు. నమాజు మీద నాకు గౌరవమే తప్ప అభ్యంతరం లేదు. కానీ ఎదురుగానే అంత పెద్ద సుల్తాన్ అహ్మద్ మసీదు ఉండగా ఆ కత్తి ఎందుకు? అది భక్తులు అడిగిన కత్తి కాదు, అధికారానికి కావలసిన కత్తి.

మిత్రుడు కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. "భాయ్, సజ్దాలో ఉన్నప్పుడు ఒళ్ళు పులకరించింది. ఖుత్బా మాత్రం టర్కీ భాషలో, ఒక్క ముక్క అర్థం కాలే" అన్నాడు. ఆ ఖుత్బాను రాసి పంపేది దియానెత్ అనే ఆ మతశాఖే. ఇమాములంతా ప్రభుత్వ జీతగాళ్ళు.

దియానెత్ పుట్టింది 1924 మార్చి 3న. ఖలీఫా పదవిని రద్దు చేసిందీ ఆ రోజే. మతాన్ని రాజ్యం నుంచి వేరు చేశారంటారు గానీ, నిజానికి దాన్ని సర్కారు ఆఫీసుగా మార్చారు. ఆ రాత్రికి రాత్రే దొల్మాబాచె ప్యాలెస్ నుంచి వెళ్ళగొట్టిన ఆఖరి ఖలీఫా అబ్దుల్ మెజీద్‌కు నెలనెలా భరణం పంపింది మన ఏడో నిజాం. ఖలీఫా కూతురు దుర్రుషెహ్వార్ 1931లో నిజాం కోడలైంది. ప్యాలెస్‌లో ఖలీఫా గ్రంథాలయం చూస్తూ మిత్రుడు చాలాసేపు మాట్లాడలేదు. పురానీ హవేలీలో దుర్రుషెహ్వార్ పేరున్న ఆసుపత్రికి చిన్నప్పుడు వాళ్ళమ్మ తనను తీసుకెళ్ళేదట.

మర్నాడు ఫెనెర్‌లోని ఆర్థడాక్స్ పీఠానికి వెళ్ళాం. కోట్లాది క్రైస్తవుల గౌరవం పొందే పీఠం, చర్చి మాత్రం చిన్నది. నడిమి ద్వారం తెరవరు. 1821లో గ్రీకు తిరుగుబాటప్పుడు సుల్తాను పీఠాధిపతి (పాట్రియార్క్) ఐదో గ్రెగొరీని ఉరితీయించింది అక్కడే. ఈ పీఠానికి గురువుల్ని తయారుచేసే హల్కీ విద్యాలయం 1971లో మూతపడింది. గ్రీస్‌లోని పశ్చిమ థ్రేస్ ముస్లింలకు తమ ముఫ్తీలను, అంటే మతపెద్దలను, తామే ఎన్నుకునే హక్కిస్తే దాన్ని తెరుస్తామని టర్కీ నాయకులు అంటూ వచ్చారు. అక్కడి ముస్లింలు అడిగేది న్యాయమే, ఇక్కడి క్రైస్తవులు అడిగేదీ న్యాయమే. ఒకరి హక్కును ఇంకొకరికి తాకట్టు పెట్టడం మాత్రం ఏ మతమూ చెప్పలేదు.