సూర్యుడు ఇంత నెమ్మదిగా ఎందుకు తిరుగుతున్నాడు: 24 రోజుల కొలతల డైరీ

1వ రోజు

భూమి, చంద్రుడు, సూర్యుడు, పాలపుంత, ఏది చూసినా తిరుగుతూనే ఉంది. ఎందుకో పుస్తకాల్లో కొంత చదివాను కానీ, చేత్తో కొలిస్తే గానీ నాకు ఏ విషయమూ ఒంటబట్టదు. అందుకే సూర్యుడితో మొదలుపెట్టాను. సూర్యుడి మీద నల్లమచ్చ ఒకటి ఉంటే చాలు, అది జరిగే తీరును బట్టి తిరుగుడు కొలవొచ్చు, పగలే పని అయిపోతుంది.

ఈ పనికి వాడింది 70 మి.మీ. లెన్సు, 700 మి.మీ. నాభ్యంతరం గల చిన్న టెలిస్కోపు, ఒక 20 మి.మీ. ఐపీస్ (మామూలుగా కన్ను పెట్టి చూసే వైపు కటకం). అట్టకు అంటించిన తెల్ల కాగితం మీద 150 మి.మీ. వ్యాసంతో వృత్తం గీశాను. ఐపీస్‌కు దాదాపు 48 సెం.మీ. వెనుక ఆ అట్టను నిలబెడితే సూర్యబింబం వృత్తంలో సరిగ్గా ఇమిడింది.

టెలిస్కోపులోంచి సూర్యుణ్ణి నేరుగా ఎప్పుడూ చూడకూడదు. క్షణంలో చూపు పోతుంది. పక్కనుండే ఫైండర్‌కు (గురి చూసే చిన్న గొట్టానికి) మూత పెట్టాలి, లేదా దాన్ని ఊడదీయాలి. గురి కుదరడానికి గొట్టం నీడ చాలు: నీడ ఎంత చిన్నదైతే గురి అంత దగ్గర పడ్డట్టు. లెన్సుకు 50 మి.మీ. రంధ్రమున్న అట్టమూత కూడా వేశాను. లేకపోతే వేడికి ఐపీస్‌లోని ప్లాస్టిక్ భాగాలు కరిగే ప్రమాదముంది. పని పూర్తయ్యేదాకా దాని పక్కనుంచి కదలలేదు.

3వ రోజు

తూర్పు అంచు నుంచి లోపలికి వచ్చిన మచ్చ ఒకటి దొరికింది. నల్లని గుండు, చుట్టూ బూడిదరంగు అంచు, దాని వెనుక నాలుగైదు చుక్కలు.

మొదటి చిక్కు దిక్కులు. టెలిస్కోపును కదపకుండా వదిలేస్తే బింబం కాగితం మీద నుంచి జారిపోతుంది. ముందుగా వృత్తం దాటిన అంచు పడమర. మచ్చ జారిన దారి వెంట గీత గీస్తే అదే తూర్పు పడమర రేఖ. అయితే సూర్యుడి అక్షం ఈ రేఖకు నిటారుగా ఉండదు. ఏడాది పొడవునా అటూ ఇటూ 26 డిగ్రీల దాకా వాలుతూ ఉంటుంది. ఆ రోజు కోణం ఎంతో ఖగోళ పట్టికలో చూసి, సూర్యుడి మధ్యరేఖను విడిగా గీసుకున్నాను. డిసెంబరు మొదట్లో పని పెట్టుకోవడం కలిసొచ్చింది. అప్పుడూ, జూన్ మొదటి వారంలోనూ మచ్చల దారి దాదాపు తిన్నగా ఉంటుంది. మిగతా రోజుల్లో అది విల్లులా వంగుతుంది.

ఉదయం 9 గంటలకు మచ్చ కేంద్రానికి తూర్పున 52 మి.మీ. దూరంలో ఉంది.

8వ రోజు

అదే 9 గంటలకు మచ్చ పడమర వైపు 29 మి.మీ. దగ్గర కనిపించింది. వృత్త వ్యాసార్ధం 75 మి.మీ. సూర్యుడు గోళం కాబట్టి ఈ దూరాలను కోణాలుగా మార్చాలి: సైన్ విలువ 52/75 అయితే కోణం 43.9 డిగ్రీలు, 29/75 అయితే 22.7 డిగ్రీలు. మొత్తం 66.6 డిగ్రీలు, అయిదు రోజుల్లో. రోజుకు 13.3 డిగ్రీలు, చుట్టుకు 27 రోజులు.

ఇది మనకు కనబడే లెక్క. ఈలోగా భూమి కూడా సూర్యుడి చుట్టూ అదే దిశలో కదిలింది. 1/27కు 1/365.25 కలిపి తిరగేస్తే 25.1 రోజులు వచ్చింది. మధ్యరేఖకు 8 డిగ్రీల దూరంలోని మచ్చకు రావలసిన విలువ కూడా దాదాపు ఇంతే. పెన్సిల్ కొలతకు ఇంత దగ్గరగా రావడం చూసి చాలాసేపు ఆ కాగితం వైపే చూస్తూ కూర్చున్నాను.

28 డిగ్రీల అక్షాంశం దగ్గరి మరో గుంపుకు మాత్రం మొదట 29.6 రోజులు వచ్చింది. ఎక్కువ అనిపించింది. తప్పు లెక్కలోనే ఉంది: అంత పైన మచ్చ తిరిగే వలయం చిన్నది, దాని వ్యాసార్ధం 75 కాదు, 66.2 మి.మీ. మాత్రమే. సరిచేస్తే 26.1 రోజులు. అంటే సూర్యుడు గట్టి బంతిలా ఒక్కతీరున తిరగడం లేదు, ధ్రువాల వైపు వెనుకబడుతున్నాడు. 19వ శతాబ్దంలో ఖగోళవేత్త రిచర్డ్ క్యారింగ్టన్ మచ్చలను ఏళ్ల తరబడి గుర్తించి తేల్చిన విషయమిది.

10వ రోజు

మబ్బు. ఇంట్లోనే రెండు ప్రయోగాలు చేశాను.

మొదటిది నాణెం. బొమ్మ పడితే +1, బొరుసు పడితే −1. వంద సార్లు ఎగరేసి కూడాలి. ఇలా పది విడతలు చేస్తే వచ్చినవి: +8, −14, +2, −6, +12, 0, −4, +10, −18, +6. సున్నా ఒక్కసారే వచ్చింది. నక్షత్రాలు పుట్టే వాయుమేఘాల్లోనూ సుడులు అన్ని దిక్కులకూ ఉంటాయి. ఒకదాన్నొకటి చాలావరకు రద్దు చేసుకుంటాయి కానీ, సరిగ్గా సున్నా మిగలడం దాదాపు అసాధ్యం. ఎంతో కొంత మిగులుతుంది. గెలాక్సీలకు మరో దారి ఉంది: తొలినాళ్లలో ఎగుడుదిగుడుగా ఉన్న పదార్థపు ముద్దలను పొరుగు ముద్దల ఆకర్షణ ఒక పక్క ఎక్కువగా, ఒక పక్క తక్కువగా లాగి మెలితిప్పింది.

రెండోది తిరిగే కుర్చీ. చేతుల్లో రెండేసి కిలోల బరువులు పట్టుకుని, చేతులు చాచి కూర్చుంటే ఒకరు మెల్లగా తిప్పారు. చుట్టుకు 4 సెకన్లు. బరువులు గుండెకు ఆనించగానే 2 సెకన్లు. కాళ్లు నేలకు తగలకూడదు, బేరింగులు బిగుసుకున్న కుర్చీ పనికిరాదు, చేతులు ఒకేసారి లోపలికి తేవాలి. ఎవరూ కొత్తగా తోయలేదు, ఉన్న తిరుగుడే బిగిసింది. కోణీయ ద్రవ్యవేగం, అంటే తిరుగుడు మొత్తపు కొలత, మారకుండా పదార్థం అక్షానికి దగ్గరైతే వేగం పెరగాల్సిందే. ఈ నియమం ఎక్కడిదో 1918లో గణితవేత్త ఎమ్మీ నోథర్ చూపింది: ప్రకృతి నియమాలకు ఏ దిక్కూ ప్రత్యేకం కాదు, అందుకే తిరుగుడు దానంతటదే మాయం కాదు.

13వ రోజు

కుర్చీ లెక్కను సూర్యుడికి వేశాను. అప్పటినుంచీ మనసు అక్కడే ఉంది.

పదో వంతు కాంతి సంవత్సరం, అంటే దాదాపు లక్ష కోట్ల కిలోమీటర్ల వ్యాసార్ధమున్న మేఘం, కోటి ఏళ్లకు ఒక్క చుట్టు తిరుగుతోందని అనుకుందాం. అది ఏడు లక్షల కిలోమీటర్ల బంతిగా ముడుచుకుంటే వ్యాసార్ధం 14 లక్షల రెట్లు తగ్గుతుంది, చుట్టు తిరిగే కాలం దాని వర్గమంత తగ్గుతుంది. కోటి ఏళ్లు కాస్తా రెండున్నర నిమిషాలవుతాయి. కానీ సూర్యుడంత బంతి 2.8 గంటలకంటే వేగంగా తిరిగితే మధ్యరేఖ దగ్గరి పదార్థం నిలవదు, ఎగిరిపోతుంది. అలా చూస్తే సూర్యుడు పుట్టనే కూడదు!

నా కాగితం మీదేమో 25 రోజులు. అడగాల్సిన ప్రశ్న తిరగబడింది. ఎందుకు తిరుగుతున్నాడని కాదు, మిగతా తిరుగుడంతా ఎక్కడికి పోయింది?

కొంత మన చుట్టూనే ఉంది. ముడుచుకుంటున్న మేఘం పళ్లెంలా చదునై, తిరుగుడును బయటివైపుకు చేరవేస్తూ పదార్థాన్ని లోపలికి వదిలింది. ఆ పళ్లెంలోనే గ్రహాలు పుట్టాయి. సౌరకుటుంబం ద్రవ్యరాశిలో 99.8 శాతానికి పైగా సూర్యుడిదే అయినా, కోణీయ ద్రవ్యవేగంలో ఆయన వాటా ఒక శాతం లోపే. సగానికి పైగా గురుడి కక్ష్యలోనే ఉంది. గ్రహాలు ఉన్నది ఈ మిగులు వల్లనే అని తెలిశాక గురుణ్ణి చూసే చూపే మారిపోయింది.

మిగిలినదాన్ని సౌరపవనం మోసుకుపోయింది. సూర్యుడి నుంచి వీచే ఆవేశ కణాలు అయస్కాంత రేఖలను పట్టుకుని చాలా దూరం వరకు ఆయనతోపాటే తిరుగుతూ, ఆపైన విడిపోతాయి. నేను కుర్చీలో చేతులు చాచినట్టే, ద్రవ్యరాశి కొంచెమే పోయినా తిరుగుడు ఎక్కువ పోతుంది. సూర్యుడి వంటి నక్షత్రాలు వయసుతోపాటు నెమ్మదిస్తాయని, వేగం వయసు వర్గమూలానికి విలోమంగా తగ్గుతుందని 1972లో ఖగోళవేత్త ఆండ్రూ స్కుమానిచ్ చూపాడు. నేను కొలిచిన 25 రోజుల్లో 460 కోట్ల ఏళ్ల బ్రేకు ఉంది.

17వ రోజు

ఆ బ్రేకు పడని వస్తువును చూడాలనిపించి, రాత్రి 150 మి.మీ. దర్పణ టెలిస్కోపు గురుడివైపు తిప్పాను. 8:40కి ఎర్రమచ్చ (గురుడి మీది పెద్ద తుఫాను) బింబం నడిమికి వచ్చింది. బింబం గుండ్రంగా లేదు, నడుము దగ్గర ఉబ్బి ఉంది. తిరుగుడే ఆ ఆకారం ఇచ్చింది: మధ్యరేఖ వ్యాసం 1,42,984 కి.మీ., ధ్రువాల మధ్య 1,33,708 కి.మీ.

19వ రోజు రాత్రి 10:21కి మళ్లీ నడిమికి వచ్చింది. 49 గంటల 41 నిమిషాలు, అయిదు చుట్లు. చుట్టుకు 9 గంటల 56 నిమిషాలు. అసలు విలువకు ఒక నిమిషమే తేడా. మచ్చ సరిగ్గా నడిమికి ఎప్పుడు వచ్చిందో అయిదారు నిమిషాల వరకు తేల్చుకోలేం, అందుకే రెండు రాత్రుల ఎడం అవసరం.

20వ రోజు

కణాల సంగతి. అణువు నుంచి గెలాక్సీ దాకా అన్నీ ఒకే కారణంతో తిరుగుతున్నాయన్న మాట తరచూ వింటాం. అది సరికాదని నా అభిప్రాయం. 1925లో భౌతిక శాస్త్రవేత్తలు ఊలెన్‌బెక్, గౌడ్‌స్మిట్ ప్రతిపాదించిన స్పిన్ అనే ఎలక్ట్రాన్ గుణం చిన్న బంతి తిరుగుడు కాదు. బంతి అనుకుంటే దాని ఉపరితలం కాంతిని మించిన వేగంతో కదలాలి. అది ముడుచుకోవడం వల్ల వచ్చిందీ కాదు, పెంచడానికీ తగ్గించడానికీ వీల్లేని పుట్టుగుణం. అయినా అది నిజమైన కోణీయ ద్రవ్యవేగమే. తీగకు వేలాడే ఇనుప కడ్డీని అయస్కాంతీకరిస్తే కడ్డీ మొత్తం మెలితిరుగుతుందని 1915లో ఐన్‌స్టీన్, డి హాస్ చూపారు. కడ్డీలో ఎలక్ట్రాన్ల స్పిన్‌లు ఒకవైపు ఒరిగితే, ఆ లెక్క సరిపోవడానికి కడ్డీ రెండోవైపు తిరగాలి. అలాగని భూమి తిరుగుడు ఈ స్పిన్‌ల కూడిక కాదు. అవి దాదాపు పూర్తిగా రద్దయిపోతాయి.

24వ రోజు

మొదటి మచ్చ 13వ రోజున పడమర అంచు చేరి కనుమరుగైంది. లెక్క ప్రకారం 26వ రోజు రాత్రికి తూర్పు అంచున తేలాలి, 30వ రోజు ఉదయం 9 గంటలకు మళ్లీ 52 మి.మీ. గుర్తు మీద ఉండాలి. ఈలోగా చెరిగిపోకపోతే కొలత నిడివి 5 రోజుల నుంచి 27 రోజులకు పెరుగుతుంది, ఒక మిల్లీమీటరు పొరపాటు రోజుకు 0.15 డిగ్రీల నుంచి 0.03కు తగ్గుతుంది. కొత్త కాగితం మీద వృత్తం గీసి, తూర్పున 52 దగ్గర సన్నగా ఒక గుర్తు పెట్టి ఉంచాను.